మెట్‌ఫార్మిన్ మానేసి ‘మైటోకాండ్రియా కిట్’ వాడమంటున్నారు, ఏం చేయాలి?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నా వయసు 44. ఖమ్మంలో ఉంటాం. ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బరువు 81 కిలోలు. ఏడాది కిందట పరీక్ష చేయిస్తే హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) 6.2 వచ్చింది. స్కానింగ్‌లో గ్రేడ్-1 ఫ్యాటీ లివర్ అన్నారు. డాక్టర్ షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ 500 రెండు పూటలా రాశారు. మొదట్లో కడుపులో తిప్పేది. ఇప్పుడు సర్దుకుంది గానీ ఆకలి కొంచెం తగ్గింది. మా ఆడపడుచు ఈమధ్య ఒక వెల్‌నెస్ సెంటర్‌లో కోచ్‌గా చేరింది. నన్నూ తీసుకెళ్లి మెషీన్ మీద నిలబెట్టారు. ‘మీ మెటబాలిక్ ఏజ్ 61’ అని కాగితం ఇచ్చారు. నా మైటోకాండ్రియా స్ట్రెస్‌లో ఉన్నాయట, అందుకే ఒళ్లు తగ్గడం లేదట. మెట్‌ఫార్మిన్ వాటిని ఇంకా దెబ్బతీస్తుంది కాబట్టి మానేసి మూడు నెలల కిట్ వాడమన్నారు. అందులో రోజుకు విటమిన్ సి 1000 మిల్లీగ్రాములు, విటమిన్ ఇ 400 యూనిట్లు, కోఎంజైమ్ క్యూ10, ఎన్ఎంఎన్ ఉన్నాయి. ధర 18 వేలు. మా అమ్మ కూడా లావే, ఆమెకు షుగర్ ఉంది. మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తాయని ఇంటర్ చదివే మా అబ్బాయి పుస్తకంలో చూపించాడు. అంటే నా రాత ఇంతేనా? మెట్‌ఫార్మిన్ నిజంగా చెడ్డదా? కిట్ వద్దంటే ఆడపడుచుతో ఎలా చెప్పాలి?

సమాధానం: అమ్మా, ముందు మందు సంగతి. మెట్‌ఫార్మిన్‌ను మీ అంతట మీరు మానకండి. కిట్ కొనకండి. ఇంతటితో ఉత్తరం ముగించవచ్చు గానీ, మీకు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. అదే అసలు ఇబ్బంది. మైటోకాండ్రియా అంటే మన కణాల్లో శక్తి తయారుచేసే చిన్న భాగాలు. ఊబకాయంలో అవి ఒత్తిడికి లోనవుతాయన్నది కల్పన కాదు. మెట్‌ఫార్మిన్ మైటోకాండ్రియా పనిని కొంచెం అడ్డుకుంటుందన్నదీ నిజమే. ఆ రెండు నిజాలూ పట్టుకుని మిమ్మల్ని తప్పు దారిలోకి మళ్లించారు. కాబట్టి కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మెటబాలిక్ ఏజ్ 61 అన్న కాగితాన్ని పక్కన పడేయండి. ఆ మెషీన్ మీ పాదాల గుండా చిన్న కరెంటు పంపి, ఒంట్లో నీరెంత, కొవ్వెంత అని అంచనా వేస్తుంది. దాన్నిబట్టి మీరు ఊరికే కూర్చున్నా ఖర్చయ్యే కేలరీలను ఒక సూత్రంతో లెక్కగట్టి, ఏ వయసువాళ్ల సగటుకు దగ్గరగా ఉందో చూసి ఆ అంకె అచ్చువేస్తుంది. మైటోకాండ్రియా దానికి కనిపించవు. వాటి పనితీరు నిజంగా కొలవాలంటే తొడ కండరంలోంచి చిన్న ముక్క తీసి ల్యాబ్‌లో చూడాలి, లేదా ప్రత్యేకమైన ఎంఆర్ఐ పద్ధతి కావాలి. మీకు ఆ రెండూ అవసరం లేదు.

ఇక అసలు విషయం. మనం తిన్నదాంట్లోంచి వచ్చిన ఎలక్ట్రాన్లను మైటోకాండ్రియా అంచెలంచెలుగా దింపి, చివర ఆక్సిజన్‌కు అప్పజెప్పి, ఆ క్రమంలో వచ్చే శక్తితో ఏటీపీ తయారుచేస్తాయి. కండరం కదలాలన్నా, గుండె కొట్టుకోవాలన్నా కావలసింది ఆ ఏటీపీయే. ఇది చాలావరకు ఖర్చును బట్టి సాగే తయారీ. ఏటీపీ వాడకం తగ్గితే తయారీ కూడా మందగిస్తుంది. ధాన్యం సీజన్‌లో మీ వైపు రైస్ మిల్లులు చూసే ఉంటారు. ఆడించిన బియ్యం గోదాముకు కదిలితేనే మిల్లు నడుస్తుంది. గోదాములో జాగా లేదంటే మిల్లు ఆగుతుంది, రోడ్డు మీద లారీలు బారులు తీరతాయి, ఈలోగా వాన పడితే బస్తాల్లోనే మొలకలొస్తాయి. మరమ్మతు చేయాల్సింది మిల్లుకేనా మరి?

అవసరానికి మించి తింటూ ఒంటికి పని చెప్పకపోతే జరిగేది ఇదే. ఇంధనం వచ్చిపడుతూ ఉంటుంది, ఏటీపీ ఖర్చు కాదు. ఎలక్ట్రాన్లు పోగుపడి, కొన్ని దారి తప్పి ఆక్సిజన్‌తో కలిసి ఫ్రీ రాడికల్స్ అవుతాయి. కాలిపోవాల్సిన కొవ్వు కాలేయంలోనూ కండరంలోనూ పేరుకుంటుంది. దాని అవశేషాలు ఇన్సులిన్ మాటను కణం లోపలికి వెళ్లనివ్వవు. మీ ఫ్యాటీ లివర్, మీ 6.2, రెండూ ఇక్కడివే.

ఇలా ఇబ్బంది పడ్డ మైటోకాండ్రియా నోరు మూసుకుని ఊరుకోవు. వాటి నిర్మాణంలోనే ఒక చిక్కు ఉంది. మీ అబ్బాయి పుస్తకంలో ఉన్నట్టే వాటికి సొంత డీఎన్ఏ ఉంది. కానీ అది చాలా చిన్నది. అందులో 37 జన్యువులు, వాటి నుంచి తయారయ్యే ప్రొటీన్లు 13. మిగతా వెయ్యికి పైగా ప్రొటీన్లు కణ కేంద్రకంలోని జన్యువుల ఆదేశాలతో బయట తయారై లోపలికి రావాలి. లోపల తయారైనవీ బయటి నుంచి వచ్చినవీ జతకుదరకపోయినా, మడతపడాల్సిన ప్రొటీన్లు సరిగా మడతపడకపోయినా కేంద్రకానికి కబురు వెళ్లాలి. అలాంటి కబురు ఒకటి ఉందని క్షీరదాల కణాల్లో 2002లో స్పష్టంగా చూపించింది ఆస్ట్రేలియాలోని లా ట్రోబ్ విశ్వవిద్యాలయానికి చెందిన నిక్ హూగెన్‌రాడ్ బృందం. మరో కబురు దారిని 2020లో రెండు బృందాలు విడివిడిగా కనిపెట్టాయి. మైటోకాండ్రియాకు కష్టం వస్తే ఓమా-1 అనే ఎంజైమ్ డీలీ-1 అనే ప్రొటీన్‌ను కత్తిరిస్తుంది. ఆ ముక్క బయటికొచ్చి హెచ్ఆర్ఐ అనే మరో ప్రొటీన్‌ను లేపుతుంది. అప్పుడు కణం కొత్త ప్రొటీన్ల తయారీని మొత్తం మీద తగ్గించి, మరమ్మతు జన్యువులను మాత్రం పనిలోకి దింపుతుంది. ఈ పేర్లు మీరు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. సెంటర్‌లో ఎవరైనా ‘స్ట్రెస్’ అన్న మాట వాడితే, అది చాలావరకు ఇలాంటి మరమ్మతు ఏర్పాటు అని తెలిస్తే చాలు.

ఆ మరమ్మతు జన్యువుల్లో రెండు మాత్రం గుర్తుపెట్టుకోదగ్గవి. వాటి నుంచి వచ్చే హార్మోన్లు రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతాయి. ఒకటి ఎఫ్‌జీఎఫ్-21, రెండోది జీడీఎఫ్-15. మొదటిది కొవ్వును కరిగించే పనుల్ని, ఇన్సులిన్ పనితనాన్ని పెంచగలదు. రెండోది నేరుగా మెదడు వెనక భాగంలో, వాంతిని శాసించే చోట పనిచేసి ఆకలి చంపుతుంది. దాన్ని అందుకునే రిసెప్టర్ ఏమిటో 2017లో నాలుగు బృందాలు ఇంచుమించు ఒకేసారి ప్రకటించాయి. తల్లులైన ఆడవాళ్లలో చాలామందికి ఈ జీడీఎఫ్-15 పేరు తెలియకపోయినా పరిచయమే. గర్భంలో మాయ దీన్ని బాగా విడుదల చేస్తుంది. వేవిళ్లకు ముఖ్య కారణాల్లో ఇదొకటని 2023లో వచ్చిన పరిశోధన చూపింది. అందులో ఒక విశేషం ఉంది. గర్భానికి ముందు నుంచీ రక్తంలో జీడీఎఫ్-15 ఎక్కువగా ఉండే, తలసీమియా అనే రక్త జబ్బున్న స్త్రీలకు వేవిళ్లు తక్కువ. ఎప్పుడూ వినపడే కబురుకు మెదడు అలవాటు పడిపోతుందన్నమాట. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

ఇప్పుడు మీ సెంటర్‌వాళ్ల సిద్ధాంతానికి వద్దాం. మైటోకాండ్రియా బలహీనపడితే మనిషి లావెక్కుతాడని వాళ్లంటారు. అదే నిజమైతే మైటోకాండ్రియా దెబ్బతిన్న ఎలుకలు లావెక్కాలి కదా? ఎన్నో ప్రయోగాల్లో దీనికి విరుద్ధంగా జరిగింది. 2007లో కండరంలో, కాలేయంలో మైటోకాండ్రియాకు అవసరమైన ఒక ప్రొటీన్ లేకుండా ఎలుకల్ని పుట్టించి, వాటికి బాగా కొవ్వున్న తిండి పెట్టారు. అవి లావెక్కలేదు, షుగర్ రాలేదు. 2013లో కొరియా శాస్త్రవేత్తలు, 2017లో అమెరికాలో డేల్ ఏబెల్ బృందం వేరే వేరే పద్ధతుల్లో కండరాల మైటోకాండ్రియాకు ఇబ్బంది కలిగిస్తే అప్పుడూ ఇంతే. రెండు చోట్లా కారణంగా తేలింది కండరం నుంచి పెద్దఎత్తున వెలువడిన ఎఫ్‌జీఎఫ్-21. మరమ్మతు కబురు గట్టిగా వెళ్లినందుకు ఒళ్లంతా బాగుపడింది. అలాగని ఆ ఎలుకలు ఆరోగ్యంగా ఉన్నాయనుకోకండి. వాటిలో కొన్నిటికి కండరాలు క్షీణించాయి. ఆ దారిలో మనుషులు వెళ్లాలని ఎవరూ అనరు. కానీ ‘స్ట్రెస్ ఉంది కాబట్టి లావు’ అనే ఒంటి వాక్యం మాత్రం ఆ ఎలుకల దగ్గరే వీగిపోతుంది.

మన గురించే ఇంకో పరిశోధన ఉంది. నాకు చాలా ఇష్టమైనది. అమెరికాలోని మేయో క్లినిక్‌లో శ్రీకుమారన్ నాయర్ బృందం భారతీయుల కండరాల్ని, ఉత్తర ఐరోపా మూలాలున్న అమెరికన్ల కండరాల్ని పోల్చి 2008లో ఫలితాలు ప్రకటించింది. భారతీయుల్లో ఇన్సులిన్ నిరోధం, అంటే ఇన్సులిన్ మాట కణాలు సరిగా వినకపోవడం, ఎక్కువ. అయితే వాళ్ల మైటోకాండ్రియా ఏటీపీ తయారుచేసే సామర్థ్యం తక్కువగా ఉండాలి కదా? లేదు, ఎక్కువగా ఉంది. షుగర్ ఉన్న భారతీయుల్లో కూడా ఆ సామర్థ్యం తగ్గలేదు. తెల్లవాళ్లలో, షుగర్ ఉన్న తల్లిదండ్రుల పిల్లల కండరాల్లో మైటోకాండ్రియా పని తగ్గిందని అంతకుముందు 2004లో యేల్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పరిశోధన చెప్పింది. అదీ నిజమే. రెండూ కలిపి చూస్తే, మైటోకాండ్రియా బలహీనత ప్రతి ఒక్కరిలోనూ మొదటి కారణం కాదని తెలుస్తుంది. మీ పేరు, వయసు, బరువు మెషీన్‌లో కొట్టి మీ మైటోకాండ్రియా ఎలా ఉన్నాయో చెప్పేసినవాళ్లకు ఈ సంగతి తెలిసి ఉండదు.

కొవ్వు కణాల దగ్గరికొస్తే కథ మారుతుంది. అక్కడ ఊబకాయమే మైటోకాండ్రియాను దెబ్బతీస్తుంది. 2024 జనవరిలో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో అలన్ సాల్టియెల్ బృందం ఇది ఎలా జరుగుతుందో చూపించింది. కొవ్వు తిండి పెట్టిన ఎలుకల కొవ్వు కణాల్లో రాల్-ఏ అనే ప్రొటీన్ అదే పనిగా పనిచేస్తూ, పొడుగ్గా ఉండాల్సిన మైటోకాండ్రియాను చిన్న చిన్న ముక్కలు చేసేస్తుంది. ముక్కలైనవి కొవ్వును సరిగా కాల్చలేవు. ఆ ప్రొటీన్ తీసేసిన ఎలుకలు అదే తిండి తిన్నా అంతగా లావెక్కలేదు. దీనికి మందు ఇంకా రాలేదు. వచ్చిందని ఎవరైనా చెబితే నమ్మకండి.

‘అమ్మ నుంచి వచ్చిందా’ అన్న మీ ప్రశ్నకు కూడా సమాధానం ఈ దారిలోనే దొరుకుతుంది. ఫిన్లండ్‌లో కిర్సి పియెటిలైనెన్ బృందం ఒకే పోలిక కవలల్ని వెతికి పట్టుకుంది. ఒకరు లావు, ఇంకొకరు సన్నం. ఇద్దరికీ జన్యువులు ఒకటే, తల్లి ఒకతే, కాబట్టి మైటోకాండ్రియా డీఎన్ఏ కూడా ఒకటే. అయినా లావుగా ఉన్నవారి కొవ్వు కణాల్లో మైటోకాండ్రియా డీఎన్ఏ కాపీలు, వాటి పనికి సంబంధించిన జన్యువుల చురుకుదనం తగ్గి ఉన్నాయి. అది పుట్టుకతో వచ్చింది కాదు, లావుతో పాటు వచ్చింది. మీ అమ్మగారి నుంచి మీకు వచ్చిన 37 జన్యువుల పాత్ర మీ బరువులో చాలా చిన్నది. వంటింటి అలవాట్లు, భోజనం వేళలు, మీ నాన్నగారి వైపు జన్యువులు, వీటన్నిటికీ అంతకంటే పెద్ద వాటా ఉంది.

ఒక్క మినహాయింపు చెప్పి తీరాలి. తల్లి నుంచి పిల్లలకు వచ్చే మైటోకాండ్రియా షుగర్ ఒకటి నిజంగానే ఉంది. చాలా అరుదు. ఆ షుగర్‌తో పాటు చిన్న వయసులోనే చెవుడు వస్తుంది, మనుషులు సాధారణంగా సన్నగా ఉంటారు. మీ అమ్మగారికిగానీ, ఆమె తోబుట్టువులకుగానీ నడివయసు దాటకముందే షుగరూ చెవుడూ రెండూ వచ్చాయా? వచ్చి ఉంటే ఆ మాట మీ డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. అలాంటివాళ్లకు మెట్‌ఫార్మిన్ ఇవ్వడానికి డాక్టర్లు వెనకాడతారు, జన్యు పరీక్ష చేయిస్తారు. ముసలితనంలో వచ్చే చెవుడు ఈ లెక్కలోకి రాదు.

ఇక మెట్‌ఫార్మిన్. అది మైటోకాండ్రియాలోని మొదటి అంచె, కాంప్లెక్స్-1 పనిని స్వల్పంగా అడ్డుకుంటుంది. అంటే మీరు రెండు పూటలా కొంచెం మైటోకాండ్రియా స్ట్రెస్‌ను మింగుతున్నారు! సెంటర్‌వాళ్లు ఇక్కడ అబద్ధం ఆడలేదు. కానీ ఆ కొద్దిపాటి ఇబ్బందికి కణాలు స్పందించే తీరులోనే ఈ మందు మేలు కొంత దాగి ఉంది. మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ల రక్తంలో జీడీఎఫ్-15 పెరుగుతుంది. మీ ఆకలి కొంచెం తగ్గడంలో దాని చెయ్యి ఉండవచ్చని 2020లో వచ్చిన ఒక పెద్ద పరిశోధన చెప్పింది. తర్వాత వేరే ల్యాబ్‌లు ఎలుకల్లో మళ్లీ చూస్తే అందరికీ అదే ఫలితం రాలేదు, ఆ వాదన ఇంకా నడుస్తోంది. షుగర్ తగ్గించే పని మాత్రం జీడీఎఫ్-15తో సంబంధం లేకుండానే సాగుతుంది.

వాదనలు ఎలా ఉన్నా మనుషుల్లో ఫలితం తెలిసిందే. చెన్నైలో డాక్టర్ ఎ.రామచంద్రన్ బృందం మీలా షుగర్ అంచున ఉన్న 531 మందిని తీసుకుని మూడేళ్లు చూసి, 2006లో ఫలితాలు ప్రకటించింది. ఏ ప్రత్యేక చికిత్సా లేనివాళ్లలో 55 శాతం మందికి షుగర్ వచ్చింది. తిండి, నడక మార్చుకున్నవాళ్లలో అది 39.3 శాతం. మెట్‌ఫార్మిన్ వాడినవాళ్లలో 40.5 శాతం. రెండూ చేసినవాళ్లలో 39.5 శాతం. అందులో వాడిన డోసు మీ డోసు కంటే తక్కువ. ఇందులో రెండు సంగతులు చూడండి. మందు నిజంగా పనిచేస్తుంది. నడక, తిండి మార్పు కూడా మందుతో సమానంగా పనిచేస్తాయి. రెండూ కలిపితే అదనంగా వచ్చిన లాభం లేదు. అలా ఎందుకో ఆ లెక్కలు చెప్పవు గానీ, ఆలోచింపజేసే ఫలితం ఒకటి 2019లో వచ్చింది. పెద్ద వయసువాళ్లు 12 వారాల పాటు వ్యాయామం చేస్తే కండరాల మైటోకాండ్రియా సామర్థ్యం పెరిగింది. వ్యాయామంతో పాటు మెట్‌ఫార్మిన్ వాడినవాళ్లలో ఆ పెరుగుదల కనిపించలేదు. ఇది చూపించి మందు మానమనడం తొందరపాటు. మీరు నడకలో నిలదొక్కుకుని, బరువు తగ్గి, హెచ్‌బీఏ1సీ 5.7 కంటే కిందికి వస్తే ‘మందు ఇంకా అవసరమా’ అని మీ డాక్టర్‌ను అడగండి. అది అడగాల్సిన ప్రశ్నే, ఏ డాక్టరూ నొచ్చుకోడు. అప్పటిదాకా భోజనం మధ్యలోగానీ చివర్లోగానీ వేసుకోండి. ఏడాదిగా వాడుతున్నారు కాబట్టి విటమిన్ బీ12, కిడ్నీల కోసం క్రియాటినిన్ పరీక్షలు చేయించండి. మెట్‌ఫార్మిన్ దీర్ఘకాలంలో బీ12ను తగ్గించగలదు. మీరు మాంసం ముట్టనివారైతే ఇంకా జాగ్రత్త కావాలి.

కిట్ దగ్గరికి వచ్చాం. దాంట్లో నాకు నిజంగా కోపం తెప్పించినవి ఎన్ఎంఎన్ లాంటి కొత్త పేర్లు కావు. ఆ విటమిన్ సి, విటమిన్ ఇ మోతాదులు. సరిగ్గా అదే మోతాదుల్ని, సి రోజుకు 1000 మిల్లీగ్రాములు, ఇ 400 యూనిట్లు, జర్మనీలో మైకేల్ రిస్టో బృందం యువకులకు ఇచ్చి చూసింది. అందరూ నాలుగు వారాలు వ్యాయామం చేశారు, సగం మందికి విటమిన్లు కూడా ఇచ్చారు. 2009లో ఫలితం వచ్చింది. వ్యాయామం మాత్రమే చేసినవాళ్లలో ఇన్సులిన్ పనితనం మెరుగుపడింది. విటమిన్లు మింగుతూ వ్యాయామం చేసినవాళ్లలో ఆ మేలు రాలేదు. కారణం, వ్యాయామం చేసేటప్పుడు మైటోకాండ్రియాలో పుట్టే ఫ్రీ రాడికల్స్‌ని చూసే కండరం తనను తాను బలపరచుకుంటుంది. ఆ కబురు కండరానికి అందకముందే విటమిన్లు దాన్ని తుడిచేశాయి. మీరు సెంటర్‌కు 18 వేలు ఇచ్చి, పొద్దున్న గంట నడిచి, ఆ నడక మేలును మాత్రతో చెరిపేసుకునే ప్రమాదం ఉందన్నమాట. ఇది మాత్రల మోతాదు గురించే. ఉసిరికాయ పచ్చడి, జామకాయలు, నిమ్మకాయ పులిహోర మానక్కర్లేదు.

విటమిన్ బీ3 జాతికి చెందిన ఎన్ఎంఎన్‌ను దాదాపు మీలాంటివాళ్ల మీదే పరీక్షించారు. బరువెక్కువగా ఉండి, షుగర్ అంచున ఉన్న, ముట్లుడిగిన స్త్రీలకు 250 మిల్లీగ్రాములు 10 వారాలు ఇచ్చారు. 2021లో వచ్చిన ఆ పరిశోధనలో కండరంలో ఇన్సులిన్ పనితనం పావు వంతు పెరిగింది. బాగుంది. కానీ బరువు తగ్గలేదు, కాలేయంలో కొవ్వు తగ్గలేదు. పరీక్షలో పాల్గొన్నవాళ్లు మొత్తం 25 మంది. దానికి దగ్గరి బంధువైన ఎన్ఆర్ అనే పదార్థాన్ని డెన్మార్క్‌లో లావుపాటి మగవాళ్లకు రోజుకు 2000 మిల్లీగ్రాములు 12 వారాలు ఇస్తే ఏ మేలూ కనిపించలేదు. కోఎంజైమ్ క్యూ10 పుట్టుకతో ఆ పదార్థం లోపించినవాళ్లకు ప్రాణం నిలబెట్టే మందు. బరువు తగ్గించడానికి పనికొస్తుందనడానికి గట్టి ఆధారం లేదు.

మైటోకాండ్రియాను మందుతో బలవంతంగా మండిస్తామనే ఆలోచన కూడా కొత్తది కాదు. 1933లో స్టాన్‌ఫర్డ్ డాక్టర్లు డైనైట్రోఫినాల్ అనే పసుప్పచ్చ రసాయనాన్ని సన్నబడే మందుగా పరిచయం చేశారు. అది మైటోకాండ్రియాలో శక్తిని ఏటీపీ కాకుండానే వేడిగా వదిలేస్తుంది. జనం నిజంగానే సన్నబడ్డారు. కొందరికి కంటిలో శుక్లాలు వచ్చాయి, కొందరు ఒళ్లు కాలిపోయే జ్వరంతో చనిపోయారు. 1938కల్లా అమెరికా దాన్ని మందుల్లోంచి తీసేసింది. విరుగుడు లేని ఆ విషాన్ని ఇంటర్నెట్‌లో ‘ఫ్యాట్ బర్నర్’ పేరుతో ఇప్పటికీ అమ్ముతూ పట్టుబడుతున్నారు. మీ అబ్బాయికి జిమ్ స్నేహితులుంటే ఈ ఒక్క పేరు చెప్పి ఉంచండి.

అయితే మీరేం చేయాలి? కాసేపటి క్రితం వేవిళ్ల దగ్గర చెప్పిన మాట గుర్తు తెచ్చుకోండి. లావుగా ఉన్నవాళ్ల రక్తంలో ఎఫ్‌జీఎఫ్-21, జీడీఎఫ్-15 రెండూ ఇప్పటికే ఎక్కువగా ఉంటాయి. అయినా ఎలుకల్లో చేసిన మేలు మనుషుల్లో చేయడం లేదు. ఎఫ్‌జీఎఫ్-21 విషయంలో కణాలు దానికి సరిగా స్పందించవని పరిశోధనలున్నాయి. జీడీఎఫ్-15 విషయంలో కూడా, రోజంతా సన్నగా వినపడుతూనే ఉండటం వల్ల మెదడు పట్టించుకోవడం మానేసి ఉంటుందని నా అనుమానం. వ్యాయామంలో వచ్చే ఒత్తిడి అలా కాదు. అరగంట గట్టిగా వస్తుంది, తర్వాత విశ్రాంతి దొరుకుతుంది, మరమ్మతు పూర్తవుతుంది. మీకు కావలసింది అలా వచ్చి వెళ్లిపోయే ఒత్తిడి. ఎడతెగని ఒత్తిడి తగ్గాలంటే ఇంధనం రాక తగ్గాలి, వాడకం పెరగాలి.

మొదట రాత్రి భోజనం తర్వాత నడక. పావుగంట చాలు, వరండాలో అయినా పరవాలేదు. అన్నం తిన్న గంటలోపు కండరం కదిలితే రక్తంలోని గ్లూకోజ్‌ను అది ఇన్సులిన్ కోసం ఎదురుచూడకుండానే లాగేసుకుంటుంది. ఆ నడక అలవాటయ్యాక పొద్దుటి నడకలో వేగం కలపండి. ఒక నిమిషం మాట్లాడలేనంత వేగం, రెండు నిమిషాలు మామూలుగా, ఇలా నాలుగైదు సార్లు. మేయో క్లినిక్‌లోని నాయర్ బృందమే 2017లో 12 వారాలు ఇలా సైకిల్ మీద వేగం పెంచుతూ తగ్గిస్తూ చేయించింది. కుర్రవాళ్ల కండరాల్లో మైటోకాండ్రియా సామర్థ్యం 49 శాతం, 65 దాటినవాళ్లలో 69 శాతం పెరిగింది. 44కే వయసైపోయిందనుకోకండి. బీపీ ఉన్నా, నడిస్తే ఛాతీలో పట్టేసినట్టున్నా, ఆయాసం వస్తున్నా ఈ వేగం జోలికి వెళ్లకముందే డాక్టర్‌కు చూపించుకోండి. మోకాళ్లు నొప్పిగా ఉంటే కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం వారానికి మూడు రోజులు చేయండి. తొడ కండరం పెరిగితే గ్లూకోజ్‌కు ఖర్చయ్యే చోటు పెరుగుతుంది.

తిండి గురించి పెద్ద పట్టీ రాయను. మన ఇళ్లలో లెక్కలోకి రానిది టీ పక్కన తినేది, మిగిలిపోతే పారేయలేక తినేది. రాత్రి ఎనిమిదిలోపు భోజనం ముగించి మళ్లీ పొద్దున్నదాకా ఏమీ తినకపోతే మైటోకాండ్రియాకు ఆ ఖాళీ దొరుకుతుంది. అన్నం గరిటె తగ్గించి పప్పు, గుడ్డు, పెరుగు, కూర పెంచండి. మీ 81 కిలోల్లో 6 నుంచి 8 కిలోలు తగ్గితే ఫ్యాటీ లివర్ స్పష్టంగా మెరుగుపడుతుంది. మీ లక్ష్యం ప్రస్తుతానికి అంతే. 60 కిలోలకు రావాలని ఇప్పుడే లెక్కలు వేయకండి. ఆరు నెలలు నిజాయితీగా చేసినా 5 శాతం కూడా తగ్గకపోతే సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్ల గురించి మీ డాక్టర్‌తో మాట్లాడండి. బరువు తగ్గడానికి వాడే ఈ మందులు 2025 నుంచి మన దేశంలో దొరుకుతున్నాయి. మీ ఎత్తుకు మీ బీఎంఐ దాదాపు 33, కాబట్టి ఆ మాట ఎత్తడానికి సంకోచించనక్కర్లేదు. అవి డాక్టర్ చీటీ మీద తీసుకోవాల్సినవి, సెంటర్‌లో కాదు.

ఆడపడుచు సంగతి నాకు మందు కంటే కష్టమైనది. ఆమె మోసం చేయాలని చేసి ఉండదు. చాలామందికి ఇలాంటి చోట్ల నెల టార్గెట్ ఉంటుంది, మొదట అమ్మేది ఇంటివాళ్లకే. ఆమెతో మైటోకాండ్రియా మీద వాదన పెట్టుకోకండి. ‘వదినా, కిట్ తీసుకోవా?’ అని అడిగితే, ‘మా డాక్టర్ మాత్ర మానొద్దన్నారు, విటమిన్లు కూడా వద్దన్నారు’ అని నా మీదికి తోసేయండి. నాకేం నష్టం లేదు. పొద్దున నడకకు ఆమెనూ తోడు రమ్మనండి. సెంటర్‌లో ఆ మెషీన్ మీద ఆమె కూడా నిలబడే ఉంటుంది, ఆమె కాగితంలో ఏం వచ్చిందో అడిగారా?